దూలానికి కట్టిన కంకులు

ప్రశ్న అడిగినవాళ్ళను వట్టి చేతులతో కూర్చోనివ్వడం ఊరికి మంచీచెడ్డా చెప్పే మల్లప్పయ్యగారికి అలవాటు లేదు. దానికి సంబంధించిన వస్తువేదో కళ్ళెదుటికి వస్తే తప్ప ఆయన నోరు మెదిపేవారు కాదు.

ఆ సాయంత్రం అడిగింది ఈశ్వరమ్మ. ఆమె పెనిమిటి ఆనకట్ట పనికని దూరదేశం పోయి ఏడేళ్ళయింది. మొదటి ఏడు రెండుసార్లు కబురొచ్చింది, తర్వాత అదీ లేదు.

"అయ్యా, రాని మనిషి కోసం ఎదురుచూడటం తప్పా?"

పక్కనున్న తిమ్మక్క ఊరుకోలేదు. "ఏడేళ్ళు నానితే గుండ్రాయైనా మెత్తబడుతుందే. నీ మొగుడు మెత్తబడలేదు గానీ."

అయ్యగారు నవ్వలేదు. "అతను నీకు వదిలిపోయినవి తీసుకురామ్మా" అన్నారు.

ఈశ్వరమ్మ ఇంటికి పోయి రెండు తెచ్చింది. ఒకటి, వాకిట్లో అతను నాటిన నందివర్ధనం చెట్టునుంచి తుంచిన కొమ్మ. రెండోది, దూలానికి వేలాడగట్టిన జొన్న కంకుల కట్ట. పోయే ముందు అతను ఏరి కట్టిన విత్తనం అది. ఏటా అదే చల్లి, పండినదాంట్లోంచే మళ్ళీ కంకులు ఏరి, అదే తాడుతో, అదే దూలానికి కట్టేది. కాటుక తెగులు తగిలింది, విత్తనం మార్చమని ఊరంతా చెప్పినా వినలేదు. ఎల్లుండే విత్తడం.

అయ్యగారు కొమ్మను చూపించారు. "దీనికేం పెట్టావు?"

"గిన్నెలు కడిగిన నీళ్ళయ్యా."

"ఎండాకాలం ఆకు రాల్చిందా?"

"ఏనాడూ లేదు. పొద్దున్నే చూసేసరికి పూసే ఉంటుంది."

ఆయన కంకి అందుకుని ఒక గింజను ఆమె అరచేతిలో పెట్టి నలిపారు. పైన బూడిదరంగు పొర, లోపల నల్లటి పొడి. పిండి లేదు.

"దీనికేం పెట్టావు?"

ఈశ్వరమ్మ ఏడు పంటలు ఆ అరచేతిలోనే ఉన్నట్టు చూసింది. తిమ్మక్క కూడా తల దించుకుంది.

"ఆయన చేతి విత్తనమయ్యా" అంది. "పారేస్తే ఆయన్నే పారేసినట్టుంటుంది. మరిచిపొమ్మంటారా?"

"మరిచిపొమ్మని నేననలేదే."

ఆమె చేతిలోని నలుపును ఆయన తన పైపంచె కొంగుతో తుడిచి, కొమ్మను ఆ చేతిలో పెట్టారు.

"వచ్చిన రోజున అతను ముందుగా సంగటి అడుగుతాడమ్మా. ఏ జొన్నలు విసురుతావు?"