తడి దారం

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా, చెప్పే నా నోట్లో మిగిలిన ఆ ఒక్క పన్నూ ఊడి పడాలి. అంతా నిజం.

క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ హిమజకు కంటి మీద కునుకు లేదు. తన దగ్గర వైద్యం చేయించుకుంటున్న గంగరత్నానికి జ్వరం దిగడం లేదు. మామూలు జ్వరమా! నుదుటి మీద పిండి పోస్తే అట్టు రెండు వైపులా కాలేది. మందు ఎక్కించడానికి ఛాతీలో పెట్టిన గొట్టంలోంచి సెలైన్ వదిలినప్పుడల్లా మంచం గోడ దాకా జరిగిపోయేంత వణుకు.

రక్తంలో బాక్టీరియా దొరికింది. ఎవరూ విననిది. దాని పేరు పలకడం మొదలుపెడితే పూర్తయ్యేసరికి కాఫీ చల్లారిపోయేది. హిమజ మాత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది, తన గురువు ఖాసిం సాహెబ్‌కి.

"నీళ్లలో బతికేది సార్. గట్టివాళ్లను ఏమీ చెయ్యదు, ఇలా ఒళ్లు డీలాపడినవాళ్లను పట్టుకుంటుంది. మందు మార్చినా తగ్గలేదు. గొట్టం తీసేద్దామంటే ఈమెకు ఇంకో నరం దొరకడం కష్టం. తడి తగలనివ్వొద్దని మొదటిరోజే గట్టిగా చెప్పాను. మరి నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

ఆ పెద్దాయన లేచి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు, ఆసుపత్రి ట్యాంకు ఖాళీ అయ్యేంతసేపు. స్టూలు లాక్కుని గంగరత్నం పక్కన కూర్చున్నాడు.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"ఇడ్లీ అయ్యా. సయించలేదు."

"ఇంటి దగ్గర ఎవరున్నారు?"

"పిల్ల. పదో తరగతి. దాని పరీక్షల దాకానైనా నన్ను బతికించండయ్యా."

"బతికిద్దాం. నీ కోసం ఏమైనా మొక్కుకుందా?"

గంగరత్నం హిమజ వైపు చూసి, నోరు మూసుకుంది.

"డాక్టరమ్మా, నువ్వు కాసేపు ఆ కిటికీ దగ్గర నిలబడు," అన్నాడు పెద్దాయన.

అప్పుడు గంగరత్నం పైట జరిపింది. గొట్టం మూత చుట్టూ ఎర్రదారం. తడిగా ఉంది.

"గొట్టాన్ని తడపలేదయ్యా, ఒట్టు. పిల్ల పంపిన తీర్థం దారం మీదే చల్లుకుంటున్నా. నర్సమ్మ వచ్చేముందు విప్పేస్తా, పోయాక కడతా. మొదటిరోజు నా మెళ్లో తాయెత్తు చూసి డాక్టరమ్మ కేకలేసింది. అందుకే దాచా."

కిటికీ దగ్గరకు అన్నీ వినిపించాయి.

పెద్దాయన తొడుగులు వేసుకుని దారం విప్పాడు. "ఈ గొట్టం తీసేద్దామమ్మా. జ్వరం పోయాక కొత్తది పెడదాం. నరం నేను వెతుకుతా." దిండు కింద ఉన్న ఉండలోంచి పొడిదారం తెంపి హిమజకిచ్చాడు. "నువ్వు కట్టు. చేతికి."

హిమజ కట్టింది.

"ముడి గట్టిగా వెయ్యి తల్లీ," అంది గంగరత్నం.

గొట్టం తీసేశాక జ్వరం దిగింది. నరం కూడా దొరికింది. పెద్దాయన వెతికితే దొరకక చస్తుందా!

"సార్," అంది హిమజ వరండాలో, "ఇన్నాళ్లూ రోజూ చూశాను. నేనడిగితే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదమ్మా," అన్నాడు పెద్దాయన. "చెప్పావు."

హిమజ లోపలికి వెళ్లి, స్టూలును పక్క రోగి మంచం దగ్గరకు లాక్కుంది.

సరే, కథ అయిపోయింది, ఇక లేవవే పిల్లా. మీ అత్తకూ ఇలాంటి గొట్టమే పెట్టారని చూడ్డానికి బయల్దేరావు కదా. సంచి అడుగున, చీర మడతల్లో కుక్కిన ఆ తీర్థం సీసా పైకి తియ్యి. వెళ్లగానే నర్సమ్మ చేతికిచ్చి, ఏం చెయ్యాలో అడిగి రా.