మట్టిరేకు పట్టుకున్న చెయ్యి

నల్లరేగడి చేను అడుగున కంటికి ఆననంత చిన్న, పలుచటి మట్టిరేకు ఒకటి ఉండేది. చుట్టూ తనలాంటి రేకులు కోటానుకోట్లు. ఒక్కదానితోనూ ఆమెకు పొసగదు. అందరిదీ ఒకటే గుణం, దగ్గరికొచ్చినవాళ్లను నెట్టేయడం. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని ఊరికే అన్నారా! వానకు ఉబ్బేది, ఎండకు ముడుచుకునేది. పలకరించే దిక్కు లేక లోలోపల కుమిలిపోయేది.

ఒక వానాకాలం నీళ్లతోపాటు కుళ్లిన కంది ఆకు తునక ఒకడు కిందికి దిగాడు. కంటికి కనిపించని పురుగులు అతన్ని తరుముకొస్తున్నాయి.

"కాస్త చోటివ్వమ్మా. వీళ్లు నన్ను మిగిల్చేలా లేరు" అన్నాడు.

మట్టిరేకు ఆత్రంగా చెయ్యి చాపింది. తీరా చూస్తే అతనిదీ నెట్టే గుణమే. ఒకరివైపు ఒకరు అడుగు వేస్తే రెండడుగులు దూరం జరుగుతున్నారు.

పక్కనే ఒక సున్నపు రవ్వ ఉంది. "నాకు రెండు చేతులున్నాయమ్మా. ఒకటి నువ్వు పట్టుకో, ఇంకోటి అతనికిస్తాను" అంది.

"సరే, తొందరగా కానియ్" అంది మట్టిరేకు.

సున్నం నడుమ నిలబడింది. ఆకుతునక మట్టిరేకు మడతలో ఒదిగిపోయాడు. పురుగులు చుట్టూ తిరిగి తిరిగి, నోటికందక వెళ్లిపోయాయి.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మట్టిరేకుకి పండగే. గాలి ఎలా ఉంటుందో, ఎండిన కందికాయలు ఎలా గలగలలాడతాయో ఆకుతునక చెప్పేవాడు. ఆమె మైమరచి వినేది. సున్నం ఎప్పుడైనా ఒక మాట కలపబోతే, "పానకంలో పుడకలా మధ్యలో నువ్వెందుకు?" అని కసిరేది. పాపం, అది మళ్లీ నోరు మెదిపేది కాదు. రెండు చేతులూ చాచి అన్నేళ్లు నిలబడితే ఎంత నొప్పో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఒకనాడు పుల్లటి నీరు చిమ్ముకుంటూ ఒక లేతవేరు వచ్చింది.

"పైన నా మొక్క తల వాల్చేసింది. నీ దగ్గర ఉన్నది కాస్త ఇస్తావా తల్లీ?"

మట్టిరేకు గుండె జారిపోయింది. "ఆకును మాత్రం ఇవ్వను. నాకున్నది అతనొక్కడే."

"ఆకు నాకెందుకు? నాకు కావలసింది ఆ సున్నం."

మట్టిరేకు హమ్మయ్య అనుకుంది. "ఓస్, ఇదా! తీసుకుపో."

"వెళ్లనా అమ్మా?" అని సున్నం ఒక్కసారి అడిగింది.

"ఇంకా అడగడం దేనికి? వెళ్లు."

సున్నం మొదట ఆకు చెయ్యి వదిలింది, తర్వాత ఆమె చెయ్యి వదిలింది. వేరు వెంట వెళ్లిపోయింది.

ఆకుతునక జారాడు. "పట్టుకో!" అని అరిచాడు. మట్టిరేకు ఎంత చెయ్యి చాపితే అతను అంత దూరం పోయాడు. పురుగులు రానే వచ్చాయి. ఆ అరుపు ఎక్కువసేపు వినిపించలేదు.

మట్టిరేకు ఖాళీ చేతిని చూసుకుంది. ఇన్నేళ్లూ ఆ చేతిలో ఉన్నది ఎవరి చెయ్యో అప్పుడు తెలిసింది. వేరు వెళ్లిన వైపు తిరిగి, "అన్నా!" అని పిలిచింది.

ఆ వరస కలిపి సున్నాన్ని ఎవరైనా పిలవడం అదే మొదటిసారి. అప్పటికి అతను మొక్క కొసకు చేరుకున్నాడు, ఎండలోకి.