అలివేలు ముఖం కడిగిన పూట

అనగనగా అని మొదలుపెడతాను గాని, మరీ అంత అనగనగా కాదర్రా. రాజులు పోయి, రాజుగారి కోటగోడల మీద ఊరివాళ్ళు పిడకలు కొట్టుకుంటున్న కాలం. అప్పుడు నీలాటివరం అనే ఊళ్ళో పేరిందేవమ్మ అని ఒకావిడ ఉండేది. పండూ, అక్క జడ వదులు. ఊ కొట్టడం నీ వంతు.

ఈ పేరిందేవమ్మ చేసే కాటుకకి చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో పేరు. కాటుకంటే మీ అమ్మ పెన్సిల్లా గీసుకుంటుందే, అది కాదు. చెబుతాను, వరసగా గుర్తుపెట్టుకోండి. గుంటగలగరాకు దంచితే రసం. రసంలో ముంచిన గుడ్డ ఎండితే వత్తి. వత్తిని ఆముదంలో వెలిగిస్తే దీపం. దీపం మీద గంధం పూసిన రాగిపళ్ళెం బోర్లిస్తే మసి. మసిని వెన్నతో మెదిపితే కాటుక. ఏదీ, అప్పజెప్పండి? ఆకుకి రసం, రసానికి వత్తి, వత్తికి దీపం, దీపానికి మసి, మసికి కాటుక. భేష్.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ. కొత్తకోడలు కాపరానికి వచ్చిన రోజున, వసారాలో పీట మీద కూర్చోబెట్టి, ముత్తయిదువలంతా చూస్తుండగా, అత్తగారు తన చేత్తో కళ్ళకు కాటుక పెట్టాలి. ఎవరింట్లో కోడలు దిగినా ఆ కాటుక పేరిందేవమ్మ భరిణెలోంచే వెళ్ళేది. అంచేత ఆవిడకు కాస్త అతిశయం. కాస్తేమిటి, బాగానే.

ఆవిడ అత్తగారి కాలంలో నుదుట మైనం రాసి, మైనం మీద కుంకం అద్దేవారు. పేరిందేవమ్మ కాపరానికి వస్తూ పుట్టింటి నుంచి తిలకం సీసా తెచ్చుకుంది. ఎర్రటి నీళ్ళ తిలకం, మూతకే పుల్ల. అత్తగారు అది చూసి, కోడల్ని కొట్టుగదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఏమిటే ఈ సిరాబుడ్డి, నీ నుదురేమన్నా కాయితమా అని గొణిగింది. నాలుగు రోజులు గొణిగి, ఐదో రోజున తనూ ఒక చుక్క పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ చూసుకుంది. ఊ కొడుతున్నారా? అలా ఒక తరానికి మైనం, ఒక తరానికి తిలకం. మూడో తరానికి పౌడరు వచ్చింది. గొడవంతా అక్కడే వచ్చింది.

పేరిందేవమ్మకు ఒక్కడే కొడుకు, శేషగిరి. పట్నంలో చదువుకుంటూ అక్కడి పిల్లనే, అలివేలుని, ఇష్టపడ్డాడు. తండ్రి వెళ్ళి చూసి, లక్షణంగా ఉందని చెప్పి వచ్చాడు. పెళ్ళి పట్నంలో. బాసికం, పూలజడ, తలంబ్రాల మధ్య పిల్ల ముఖం సరిగ్గా కనపడలేదు గాని, దాని మీది తెల్లటి పౌడరు మాత్రం పేరిందేవమ్మకు బాగా కనపడింది. ఆ చెంపల మీద వేలితో ముగ్గు పెట్టొచ్చే అని చెల్లెలి చెవిలో ఊదింది. వాళ్ళిల్లు గనక అంతటితో ఊరుకుంది.

తర్వాత కోడలు కాపరానికి వచ్చింది. దిగబెట్టడానికి వెంట తల్లి తాయారమ్మ వచ్చింది. వసారా నిండా ముత్తయిదువలు. పేరిందేవమ్మ వేలికి కాటుక అద్దుకుని, కోడలి గడ్డం పట్టుకుంది. బొటనవేలికి పౌడరంటింది.

"నా కాటుక సున్నపుగోడల మీద నిలవదమ్మా!" అంది, అందరికీ వినపడేలా.

వసారా గొల్లుమంది. నలుగురు నవ్వేసరికి ఆవిడకు హుషారొచ్చింది. చెంబుతో నీళ్ళు, గిన్నెలో సున్నిపిండి తెమ్మంది.

అలివేలు చాలా మెల్లిగా అంది, "అత్తయ్యగారూ, లోపలికెళ్ళి నేనే కడుక్కొస్తానండి. ఒక్క నిమిషం."

"ఇక్కడ మగాళ్ళెవరున్నారే, అంత సిగ్గు!" అని, పిల్ల తల వంచి, సున్నిపిండి రాసి, తన చేత్తోనే కడిగేసింది పేరిందేవమ్మ.

కడిగితే ఏం బయటపడిందనుకుంటున్నారు? హాసినీ, దయ్యం కాదే. మచ్చలు. ముఖం నిండా గుంటలు. స్పోటకమని ఒక జబ్బుండేది, అమ్మవారు పోసిందనేవాళ్ళు. టీకాలు వచ్చాక ఇప్పుడు లోకంలోనే లేదు. ఆ రోజుల్లో మాత్రం బతికి బయటపడ్డవాళ్ళకు ముఖాన ఆ గుంటలు మిగిలిపోయేవి.

నవ్వు ఆగిపోయింది. ఒకావిడ, అయ్యో, అమ్మవారు పోసిందా అంది. ఇంకొకావిడ, అందుకా ఆ పూత అంది. అలివేలు ఏడవలేదు. కళ్ళు పెద్దవి చేసి అలాగే కూర్చుంది, అత్తగారు కాటుక పెడతారని. పేరిందేవమ్మ చూపు తిప్పుకునే వేలు చాచింది. కాటుక కంటికంటలేదు, చెంప మీద గుంటలో అంటింది.

ఆ సాయంత్రం శేషగిరి తల్లి దగ్గరికొచ్చి, మచ్చలు చూసే చేసుకున్నానమ్మా, నాన్నకీ తెలుసు అన్నాడు. నీకు చెబితే ఊరంతా చెబుతావని దాచాం, నువ్వు ఊరంతటికీ చూపించే పెట్టావు అన్నాడు. తిట్టినా బాగుండేది. మెల్లిగా అన్నాడు.

ఆ మర్నాటి నుంచి అలివేలు ముఖానికి నీళ్ళు తప్ప ఇంకేమీ తగల్లేదు. పౌడరు లేదు, పసుపు లేదు, కాటుక లేదు. నుదుట చిన్న బొట్టు, అంతే. మంచి కోడలేనర్రా. అత్తగారికి జ్వరమొస్తే మంచం దిగనివ్వలేదు. కానీ ఏ పేరంటం జరిగినా వంటింట్లోనే ఉండేది, ఎవరు ఫోటో తీసినా తలుపు వెనక్కి వెళ్ళేది. పేరిందేవమ్మ తిరణాలకెళ్ళి ఒక పౌడరు డబ్బా కొనుక్కొచ్చి, ఏమీ అనకుండా కోడలి గూట్లో పెట్టింది. ఆరునెలలకు చూస్తే మూత తియ్యకుండానే ఉంది. తాయారమ్మ కూడా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. పట్నం వాళ్ళకి పొగరు అనుకుంది పేరిందేవమ్మ. పైకి కూడా అంది, అలివేలు వింటుండగా. ఏడెనిమిదేళ్ళకు తాయారమ్మ పోయింది.

నిద్రొస్తోందా? ఇంకాస్తే.

అలివేలుకి ఒక కూతురు, చంద్రిక. అది పెరిగి, కాలేజీ చదివి, గోళ్ళకొక రంగు, పెదాలకొక రంగు, కనురెప్పల మీద ఇంకో రంగు వేసుకునేది. పేరిందేవమ్మకు నాలిక చివరిదాకా మాట వచ్చేది. వచ్చిన మాటను వచ్చినట్టే మింగేసేది. మామ్మా, ఎలా ఉన్నానే అని అది అడిగితే, దివ్యంగా ఉన్నావు తల్లీ అనేది. మనవరాలి దగ్గర నేర్చిన ఆ ఓర్పు కోడలి దగ్గర ఒక్క పూట ఉంటే ఎంత బాగుండేదో అని లోపల కుమిలిపోయేది.

చంద్రిక పెళ్ళి కుదిరింది. పెళ్ళిరోజున మేకప్ చేసే అమ్మాయి పెద్ద పెట్టె పట్టుకుని వచ్చింది. ముఖం కడిగి ఒక పూత, పూత మీద రంగు, రంగు మీద పొడి, పొడి మీద మెరుపు. పేరిందేవమ్మ తన భరిణె చూపించి, కాస్త ఇది పెట్టమ్మా అంది.

"వద్దు మామ్మగారూ, కారిపోద్ది. ఇది చూడండి, ఏడ్చినా చెరగదు."

"ఏడ్చినా చెరగదా? అయితే మంచిదే," అంది పేరిందేవమ్మ, భరిణె కొంగులో దాచుకుని.

ఇప్పుడు ఆవిడ మనసులో ఉన్నది ఒక్కటే. ముప్ఫై ఏళ్ళు తలుపు వెనక నిలబడిన కోడలు, ఇవాళ కన్యాదానం పీటల మీద ఇంతమంది ముందు కూర్చోవాలి. తను పోయేలోగా ఒక్కసారి, వచ్చిన రోజున ఎలా వచ్చిందో అలా చూడాలి. మేకప్ అమ్మాయిని పక్కకి పిలిచి అడిగితే, అరగంట చాలు మామ్మగారూ, పెళ్ళికూతురికి అక్కలా చేసేస్తాను అంది.

అలివేలు పక్కగదిలో పెళ్ళిసామాను సర్దుకుంటోంది.

"అలివేలూ, ఒక్క అరగంట ఆ పిల్ల ముందు కూర్చోవే."

అలివేలు నవ్వింది. "ఇప్పుడెందుకు అత్తయ్యగారూ? ఈ ముఖం ఊరందరికీ అలవాటే. కొత్తగా పూస్తే పెళ్ళికూతురి తల్లెవరని అడుగుతారు."

"నా తృప్తి కోసమే. ఆనాడు నీ మచ్చలు..."

"మచ్చల వల్ల పౌడరు మానలేదండి నేను," అంది అలివేలు. చేతిలో పళ్ళెం కింద పెట్టింది. "ఆ రోజు ఆ పౌడరు మా అమ్మ రాసింది. పొద్దున్నే నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఒక్కో గుంటా వేలితో నింపింది. మొదటిరోజు గడిస్తే చాలే, తర్వాత నీ గుణం చూసి వాళ్ళే మచ్చలు మర్చిపోతారు అంటూ రాసింది. మీరు కడుగుతున్నప్పుడు గుమ్మం పక్కనే నిలబడి ఉంది. నీళ్ళల్లో అమ్మ చేతులు కారిపోతున్నట్టే అనిపించింది నాకు. ఆ తర్వాత నేను రాసుకోబుద్ధీ కాలేదు, ఇంకొకరి చేత రాయించుకోబుద్ధీ కాలేదు."

తాయారమ్మ మళ్ళీ ఎందుకు రాలేదో పేరిందేవమ్మకు అప్పుడు తెలిసింది. పొగరన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట వెనక్కి తీసుకుని ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకోవలసిన మనిషి పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

"ఇప్పుడే వెళ్ళి పెళ్ళికొచ్చిన ముత్తయిదువలందరి ముందూ తప్పు నాదని చెబుతాను," అని లేచింది.

అలివేలు చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దండి. చెబితే మీ మనసు తేలికపడుతుంది. నా ముఖం సంగతి మళ్ళీ నలుగురిలో పడుతుంది."

ఆవిడ మళ్ళీ కూర్చుండిపోయింది. ఏం చెయ్యాలో తెలియని పెద్దావిణ్ణి ఎప్పుడన్నా చూశారా? చిన్నపిల్లలా ఉంటుంది. అలివేలు కాసేపు చూసి, పట్టుచీర కుచ్చిళ్ళు జారుతున్నాయండీ, కాస్త సర్దుతారా అంది.

పేరిందేవమ్మ, డెబ్బై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూలబడి, కోడలి కాళ్ళ దగ్గర ఒక్కో కుచ్చీ వేలితో పట్టి సరిచేసింది. చాలాసేపు చేసింది. తల ఎత్తలేదు. అలివేలు కూడా ఇక చాలండి అనలేదు.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. అలివేలు కడిగిన ముఖంతో, తలెత్తి పీటల మీద కూర్చుంది. చంద్రిక సుఖంగా కాపరం చేసుకుంది. అత్తాకోడళ్ళు చివరిదాకా ఒక్క కంచంలో తిన్నట్టే ఉన్నారు. కానీ పండూ, ఆ ఒక్క పూట మాత్రం పేరిందేవమ్మ తిరిగి తెచ్చుకోలేకపోయింది. అందుకే, ఎదుటివాళ్ళ అలంకారం చూసి నవ్వొచ్చినప్పుడు, దాన్ని దిద్దిన చెయ్యి ఎవరిదో మనకు తెలియదు కదా అని ఒక్క క్షణం ఆగాలి.

ఇక కథ కంచి బస్సెక్కింది. మీరు దుప్పట్లోకి దిగండి.