పుట్టువెంట్రుకల దావతు

చెన్నదాసు గారు అడిగిన వెంటనే జవాబు చెప్పే రకం కాదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో బయలుదేరతారు. జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే కాళ్లనొప్పులు మిగిలినట్టు.

ఆయన శిష్యుల్లో విఠల్ హైస్కూలు లెక్కల మాస్టారు. పదో తరగతి చదివే అతని కొడుకు నిశాంత్ ఆ వారమే బడి వెనకాల బీరు తాగుతూ పట్టుబడ్డాడు. విఠల్‌కు ఏమీ పాలుపోలేదు. పొద్దున కొడుకు స్నేహితుల మీద ఉన్న కోపం మధ్యాహ్నానికి ఫోను మీదికి, సాయంత్రానికి వయసు అడగకుండా సీసా అమ్మిన కొట్టువాడి మీదికి మళ్లేది. దూరంగా హాస్టల్లో వేద్దామంటే, అక్కడ మాత్రం స్నేహితులుండరా అని మళ్లీ అనుమానం. పాపం, లెక్కల మాస్టారికి ఈ లెక్క తెగలేదు.

"అయ్యా, పిల్లగాడు చెయ్యి దాటిపోతుండు. ఎవలకు దూరం పెడితే బాగుపడ్తడు?" అని అడిగాడు.

"మల్లేశం మనవనికి పుట్టెంటికలు తీస్తున్నరట. పోయొద్దాం పా," అన్నారు గురువుగారు.

మల్లేశం ఇంటి ముందు పందిట్లో ఎల్లమ్మ తల్లికి సాకగా కల్లు నేల మీద ధారపోశారు. గుండు చేసిన పిల్లాణ్ణి మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని, మిగిలిన కల్లులో వేలు ముంచి వాడి నాలుకకు రాశాడు. పిల్లాడు ముఖం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. పందిరంతా గొల్లున నవ్వింది. "మొగోడంటే నువ్వేరా!" అని ఎవరో అరిచారు. చప్పట్లు మోగాయి. విఠల్ కూడా తన బాధ మరిచి, కడుపుబ్బ నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. పిల్లాడు బిత్తరపోయి అందరి ముఖాలూ చూశాడు. తర్వాత తనూ నవ్వి, మేనమామ వేలు కోసం తనే నోరు తెరిచాడు.

తిరుగుదారిలో విఠల్‌కు ఉక్రోషం ముంచుకొచ్చింది. కన్నకొడుకు పాడైపోతున్నాడని మొత్తుకుంటే, ఈయన తనను దావతులకు తిప్పుతున్నారు!

"అయ్యా, నేనడిగిన దానికి..."

"ఆ పిల్లగాడు మొదలు ఉమ్మేసిండు గద?"

"ఉమ్మేసిండు. పసినోరు, పుల్లగుంటది మరి."

"మళ్ల నోరెందుకు తెరిచిండు?"

విఠల్ తికమకపడ్డాడు. "ఏమో అయ్యా. కల్లు రుచి తెల్సింది కావచ్చు," అన్నాడు చివరికి.

చెన్నదాసు గారు నడక ఆపలేదు.

"వాడు కల్లు దిక్కు సూడలే, విఠలూ. నీ దిక్కు సూసిండు."