నీళ్లు లేని రాజుగారి కొలను

విరోధి నామ సంవత్సరం, నడివేసవి. కొండల మధ్య ఒకానొక చిన్న రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలుతున్నాడు.

అక్కడ తగవు వస్తే ముందు ఊరిచావడిలో పెద్దలు విచారించేవారు. ఆ తీర్పు నచ్చనివాడు సీమ ధర్మాసనానికి వెళ్లేవాడు. అక్కడా అన్యాయమే జరిగిందనుకుంటే చివరికి రాజసభ. తాతలనాటి ఏర్పాటు.

ఉద్దండవర్మకు అది నామోషీగా తోచింది. "నేనుండగా నాకంటే ముందు ఇంకొకడు తీర్పు చెప్పడమా?" అని చావడులూ ధర్మాసనాలూ మూయించాడు. ఇకమీదట ప్రతి తగవూ తిన్నగా తన దగ్గరికే రావాలనీ, తన తీర్పుకు తిరుగులేదనీ రాతిమీద చెక్కించి సభ వాకిట పాతించాడు.

మొట్టమొదట వచ్చింది మిరపతోట ఎర్రమ్మ. ఎగువ పొలం నాగిరెడ్డి కాలువకు అడ్డుకట్ట వేశాడు. ఆమె తోటకు చుక్క నీరు లేదు.

రాజుగారికి భోజనం వేళ దాటిపోతోంది. "ఎవరి నేలమీద పారే నీళ్లు వాళ్లవే. ఆపుకుంటాడో వదులుతాడో అతని ఇష్టం. ఇక పో!"

"మరి నేనెవరితో చెప్పుకోను దొరా?"

"ఎవరితోనూ వద్దు. వాకిట రాయి చూడలేదూ?"

ఆస్థానంలో హాస్యం చెప్పి బతికే కోనప్ప ఆమె వెనకే బయటికి వచ్చాడు.

"తోట ఎన్నాళ్లు ఆగుతుందమ్మా?"

"ఇప్పటికే ఆకు వాడిందయ్యా. వారం తిరిగితే పొయ్యిలోకే."

కోనప్పకు రాజుగారి ఉద్యానవనానికి ఎగువన ఒక చిన్న పొలం ఉంది. అందులోంచి పారే కాలువే రాజుగారి స్నానాల కొలను నింపుతుంది. ఆ సాయంత్రం కోనప్ప ఒక చేత్తో మెడ తడుముకుంటూనే రెండో చేత్తో పార అందుకున్నాడు.

రెండు రోజులు గడిచాయి. రాజు నలుగు పెట్టించుకుని కొలనులోకి దిగితే కాళ్లకు బురద తగిలింది. ఒంటినిండా పిండితోనే సభకు వచ్చిపడ్డాడు.

"కోనప్పా! నా కొలనుకు నీళ్లు ఆపడానికి నీకెన్ని గుండెలు?"

"ఒక్కటే ప్రభూ, అదీ దడదడలాడుతోంది. కానీ ఎవరి నేలమీద నీళ్లు వాళ్లవేనని తమరే అన్నారు."

"అది నాగిరెడ్డి సంగతి!"

"అతనికో చట్టం, నాకో చట్టమా?"

"అయితే ఆ తీర్పు రద్దు!"

"వాకిట రాయి చూడలేదా ప్రభూ? తిరుగులేదని ఉంది."

రాజు పళ్లు నూరాడు. "సరే, దీన్ని కొత్త తగవుగా విచారిస్తాను."

"ఫిర్యాదు తమరిది. తీర్పూ తమరిదేనా? పొరుగు రాజులు వింటే నవ్వరూ?"

"మరి నేనెవరితో చెప్పుకోనురా!"

అనేశాక ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించి రాజు ఆగిపోయాడు.

కోనప్ప చేతులు కట్టుకున్నాడు. "మొన్న ఎర్రమ్మ అడిగిందీ అదే ప్రభూ. తమరు పైమెట్టు మీద ఉన్నన్నాళ్లూ కింద జరిగిన పొరపాటు దిద్దేవారు. ఇప్పుడు తమరే కిందిమెట్టుకు దిగి కూర్చున్నారు. తమరు పొరబడితే దిద్దడానికి పైన ఎవరూ లేరు."

రాజు ఆలోచనగా చెంప గోక్కున్నాడు. ఎండిన పిండి పెచ్చులుగా ఒళ్లో రాలింది. అది చూసుకుని పకపకా నవ్వాడు. రాయి పెరికించాడు, చావడులూ ధర్మాసనాలూ తెరిపించాడు.

మర్నాడు ఊరిచావడిలో రాజే ఫిర్యాదీగా నిలబడ్డాడు. పెద్దలు అన్నారు: "పారే నీళ్లు వాడుకోవచ్చు, ఆపకూడదు. ఇది అందరికీ." కోనప్ప ఓడిపోయాడు.

"ధర్మాసనానికి వెళ్తావటోయ్?" అన్నాడు రాజు.

"ఇంత మంచి ఓటమి మళ్లీ దొరుకుతుందా ప్రభూ!"

రాజు నవ్వుతూ తన శాలువా తీసి కోనప్పకు కప్పాడు.

పొద్దుగూకేలోగా నాగిరెడ్డి కూడా కట్ట తవ్వేశాడు. అప్పటికే ఎర్రమ్మ తోటలో సగం మొక్కలు ఎండిపోయాయి.