గవ్వలకోటలో ఒంటిచుక్క

దుప్పటి కాళ్ళదాకా లాక్కోండి. స్నిగ్ధా, ఆ దిండు తమ్ముడికి కూడా కాస్త జరుపు. ఏ కథ కావాలన్నావ్? నీ ఫోను ఆటలో దొరికిందే, ఐదు చేతులూ, నడిమధ్యన ఎర్రరాయీ ఉన్న సముద్రపు జీవి, దాని కథా? దాన్ని పట్టి డబ్బాలో పెట్టావు సరే, నువ్వెక్కణ్ణించి వచ్చావమ్మా అని అడిగావా? అడగలేదు కదా. నేను చెప్తా వినండి. ఊ కొట్టాలి మరి. ఊ ఆగిందంటే కథ కూడా ఆగిపోతుంది.

అనగనగా, ఉప్పుగాలి తగిలే ఒడ్డున, గవ్వలకోట అని ఒక ఊరు. ఆ కోటలో ఒక రాజు. కొందరు రాజులకి యుద్ధాల పిచ్చి, కొందరికి పెళ్ళిళ్ళ పిచ్చి. ఈయనకి పోగేసే పిచ్చి. సముద్రంలో ఎన్ని రకాల జీవాలున్నాయో అన్నీ తన కోటలో ఉండాలి. ఒక్కో కుండలో ఒక్కోటి. పండగొచ్చిందంటే వాటిని బయటికి తీయించి, ఒకదాని మీదికి ఒకదాన్ని ఉసిగొలిపి, పోట్లాడించి, చప్పట్లు కొట్టేవాడు.

అలాగని రకానికి రెండేసి ఉంచుతాడా అంటే ఉంచడు. రెండుంటే ఇక గొప్పేముంది అంటాడు. కోటగోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించాడు: "రకానికొక్కటే! అదీ రాజుదే!" పొద్దున్నే ఊరంతా ఆ మాట చదివి, దణ్ణం పెట్టి, పనిలోకి పోవాలి.

ఏంట్రా నిహాల్? చదువు రానివాళ్ళా? వాళ్ళు గోడకే దణ్ణం పెట్టేవాళ్ళు.

ఇప్పుడు ఆ కుండల గది ఎలా ఉంటుందో చూడండి. పీత ఉంది, పక్కన ఇంకో పీత లేదు. రొయ్య ఉంది, పక్కన ఇంకో రొయ్య లేదు. తాబేలు ఉంది, దానికి తోడు తాబేలు లేదు. ఇంత పెద్ద సముద్రాన్ని తెచ్చి గదిలో పెట్టాడు గానీ, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మాట ఒక్కటీ తేలేదు ఆ మహానుభావుడు. కుండలో నీళ్ళు కదిలితే ఆ చప్పుడొకటే చప్పుడు.

ఊ కొడుతున్నారా?

ఆ కుండల్లో నీళ్ళు మార్చే పని మసేనమ్మది. కొత్తకోడలు. ఎక్కడో దూరపు రేవు నుంచి పెళ్ళిచేసుకుని వచ్చింది. వచ్చీ రాగానే మొగుణ్ణి రాజుగారి వేట పడవ ఎక్కించేశారు, కొత్తరకం జీవాలు దొరికేదాకా రావద్దన్నారు. ఆ ఊళ్ళో మగవాళ్ళందరి గతీ అదే. మసేనమ్మ పొద్దున్నే లేచి సముద్రం నీళ్ళు మోసుకొచ్చి కుండకుండలో పోసేది, సాయంత్రానికి ఇంటికెళ్ళి, తలుపేసుకుని, ఒక్కతే ఇంత గంజి తాగి పడుకునేది. ఆ ఇంటి నుంచి మాట పైకి వినబడేది కాదు.

ఒకనాడు వేటవాళ్ళు ఈ చుక్కజీవాన్ని తెచ్చారు. ఐదు చేతులు, బంగారం రంగు ఒళ్ళు, నడుమ ఎర్రటి రాయి. పొద్దు గుంకేసరికి ఆ రాయి దీపంలా వెలిగి, ఆరి, వెలిగి, ఆరి, అలా మినుకుమినుకుమనేది. రాజు ఎగిరి గంతేశాడు. వెండికుండ చేయించాడు. చేయించి ఊరుకున్నాడా? ఇలాంటిది ఇంకోటి ఎక్కడా ఉండకూడదన్నాడు. ఆ ఊరి జాలర్లకి ముందునుంచీ ఒక అలవాటుంది. చుక్కజీవాలు ఆలిచిప్పల్ని తినేస్తాయని, అవి వలలో పడితే విసుక్కుని, విరిచి ముక్కలు చేసి నీళ్ళలోకి విసిరేసేవారు. రాజు ఆ అలవాటునే ఆజ్ఞ చేసేశాడు. ఎక్కడ చుక్క కనబడినా విరిచి పారెయ్యాలంతే. విరిచారు, పారేశారు. విరిచారు, పారేశారు.

వెండికుండలో చుక్కకి ఇదంతా ఏం తెలుసు? అది వెలిగి ఆరేది ఊరికే కాదమ్మా, పిలవడానికి. వాళ్ళ భాష అది. నేనిక్కడున్నా, నువ్వెక్కడున్నావ్ అని. కుండలోంచి అది రోజూ పిలిచేది. కుండ బయట వినేవాళ్ళు లేరు. మసేనమ్మ నీళ్ళు మార్చడానికి వచ్చినప్పుడల్లా చుక్క అడిగేది.

"అక్కా, ఎవరైనా పలికారా?"

"లేదు తల్లీ."

మర్నాడు మళ్ళీ, "అక్కా, ఎవరైనా పలికారా?"

"లేదు తల్లీ."

మొదట్లో దాని వెలుగు దీపమంత ఉండేది. తరవాత మిణుగురంత అయింది. ఆ తరవాత, పొయ్యిలో నీళ్ళు చల్లాక ఎక్కడో ఒక మూల మిగిలిన నిప్పుకణిక ఉంటుందే, అంతయింది. వెలుగు పూర్తిగా ఆరిపోతే చుక్క బతకదు. ఆ సంగతి మసేనమ్మకి తెలుసు, చుక్కకీ తెలుసు. 

ఇంతలో పండగొచ్చింది. పందెం పెట్టారు. చుక్క మీదికి రాకాసి పీతని వదిలారు. జనమంతా చూస్తున్నారు. పీత డెక్కలు టకటకలాడించుకుంటూ వచ్చింది. చుక్క ఏం చేసిందో తెలుసా? కొట్టలేదు, కరవలేదు. ఐదు చేతులూ చాచి పీతని కావలించుకుంది.

నవ్వకే స్నిగ్ధా. ఆ జనమూ నవ్వారు. ఎన్నాళ్ళయిందో పాపం ఇంకొక ప్రాణిని తాకి. అది పీతైతేనేం, డెక్కలుంటేనేం. పీతకి మాత్రం అదేం తెలుసు? అది భయపడి, కటుక్కున ఒక చెయ్యి కొరికేసింది. రాజుకి పరువు పోయినట్టయింది. పిరికిది, దీన్ని తీసుకుపోండి, వచ్చే పండక్కి కొట్టకపోతే దాని సంగతి చూస్తా అన్నాడు.

మసేనమ్మ చుక్కని కుండలో వేసింది. తెగిన చెయ్యి ఇసకలో పడుంది, చివర చిన్న ఎర్రరాయి తునక అంటుకుని. దాన్ని పారెయ్యడానికి మనసొప్పలేదు. దాని చెయ్యి దాని దగ్గరే ఉండనీ అని కుండలోనే వేసింది.

ఊ అనండర్రా. ఆఁ.

రోజులు గడిచాయి. ఒకనాడు నీళ్ళు మార్చబోతే ఏముంది? తెగినచోట చుక్కకి కొత్త చెయ్యి మొలుస్తోంది. అది సరే. తెగిపడిన చెయ్యి ఉంది చూడండి, దానికి పక్కనించి బుల్లి బుల్లి చేతులు మొలిచాయి! పసిపిల్ల గుప్పిటంత చుక్క. మధ్యలో ఆవగింజంత ఎర్రరాయి, వెలిగి, ఆరి, వెలిగి, ఆరి. పెద్దచుక్క దానికి బదులు పలుకుతోంది. వెలుగు మళ్ళీ దీపమంత అయింది.

"అక్కా, ఇది నేనేనా, వేరే ఎవరైనానా?"

"నీ చెల్లెలే, తల్లీ."

అన్నదే గానీ మసేనమ్మ గుమ్మం వైపు తిరిగి చూసింది. రాజు చూస్తే? రకానికొక్కటే కదా. చిన్నదాన్ని విరిచి పారెయ్యమంటాడు. విరిచి... అక్కడ ఆగింది. విరిస్తే ఏమవుతుంది? ఒకటి రెండవుతుంది కదా! మరి ఇన్నాళ్ళుగా ఊరంతా కలిసి విరిచి పారేసినవి?

కుండ మీద తడిగుడ్డ కప్పి, పరుగున రేవుకి పోయింది. అక్కడ అప్పన్న తాత చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. వేటకి పనికిరాడని ఆయన్నొక్కణ్ణీ ఒడ్డున వదిలేశారు.

"తాతా, చుక్కల్ని విరిచి ఎక్కడ పారేశారు?"

"ఎక్కడేటే? తూరుపు పాయలో. రాజుగారి ఆగ్గె కదా."

"ఆ పాయలోకి ఇప్పుడెవరూ పోరేం?"

"ఓలమ్మ, నీకు తెలీదేటి? పొద్దుగూకితే అక్కడ కొరివిదెయ్యాలు. నీళ్ళల్లోనే, ఎర్రగా! ఒకటా, రెండా? నానైతే అటు తల తిప్పి పడుకోను కూడా పడుకోను."

మసేనమ్మకి నవ్వొచ్చింది. ఆ ఊరొచ్చాక అదే మొదటిసారి నవ్వడం. నవ్వు ఆగక, కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి.

మరి చుక్కని కోట దాటించడం ఎలా? గుమ్మం దగ్గర కాపలా. దొంగతనంగా తెస్తే తల తీస్తారు. ఆలోచించింది, ఆలోచించింది, తిన్నగా రాజు దగ్గరికే పోయింది. చేతులు కట్టుకుని అమాయకంగా చెప్పింది: మహారాజా, తమరి వెండికుండలో ఉన్నదాని లాంటివి తూర్పు పాయలో ఊరికే పడున్నాయంటండీ, ఏరుకున్నవాళ్ళకి ఏరుకున్నన్ని, రేపో మాపో మా జాలరి పిల్లలు బొక్కెనల్లో వేసుకుని ఆడుకుంటారేమో అని.

రాజు పల్లకీలో పరిగెత్తించుకుంటూ వచ్చాడు. పొద్దు గుంకింది. చూస్తే పాయ నిండా ఎర్రదీపాలే. ఇటునించి ఒకటి వెలిగితే అటునించి ఇంకోటి పలుకుతోంది. ఆకాశం బోర్లాపడి నీళ్ళలో ఈదుతున్నట్టుంది. ఎంత అందమర్రా! కానీ రాజు మొహం చూడాలి, వంకాయ కాల్చినట్టయింది. నలుగురికీ ఉన్నదాన్నా నేను వెండికుండలో పెట్టి మేపింది అన్నాడు. పారెయ్యండి, ఈ క్షణమే పారెయ్యండి అన్నాడు.

మంత్రి ముందుకొచ్చి, ఎప్పట్లాగే విరిచి పారెయ్యమంటారా ప్రభూ అనడిగాడు.

 మసేనమ్మ తొణకలేదు. విరిస్తే ఒకటికి ఐదవుతాయండి మహారాజా, తమరు విరిపించినవే కదండీ ఇవన్నీ అంది, నెమ్మదిగా.

"వద్దొద్దు! ఎవరూ ముట్టుకోకండి! ఉన్నదున్నట్టు పారెయ్యండి!"

చూశారా, విలువ పోయింది కాబట్టి విడుదలొచ్చింది. ఆ విలువ ఎవడిక్కావాలి చెప్పండి? ఎవడు కట్టిన విలువ అది? సముద్రం ఎవడబ్బ సొత్తు? సరే సరే, నాకు కోపమొస్తే కథ పక్కకి పోతుంది.

మసేనమ్మ కోటకి పోయి, వెండికుండ చంకనెత్తుకుని వచ్చి నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ లోతు, నడుము లోతు. కుండ వంచింది. చెల్లెలు చటుక్కున జారి వెళ్ళిపోయింది. పెద్దచుక్క మాత్రం కదల్లేదు. మసేనమ్మ మణికట్టుని ఐదు చేతులతో గట్టిగా పట్టుకుంది. అంత నీళ్ళని చూసి ఎన్నాళ్ళయిందో! భయం. తోసెయ్యొచ్చు, కానీ మసేనమ్మ తొయ్యలేదు. అలలు వచ్చి పోతుంటే అలాగే నిలబడింది.

చుక్క ఒకసారి వెలిగింది. చాలా చిన్నగా. నేనిక్కడున్నా అని.

దూరంగా ఒకటి పలికింది. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. అలా పాయ పొడుగునా, కంటికి ఆనినంత మేర, పలుకుతూనే ఉన్నాయి.

చుక్క ఒక చెయ్యి వదిలింది. రెండోది వదిలింది. మూడోది, నాలుగోది. ఐదోది కాసేపు వదల్లేదు. తరవాత అదీ వదిలేసింది.

నిద్రపోతున్నారా? లేదా? సరే.

మిగతా కుండల సంగతా? ఒకసారి దారి తెలిశాక ఊరి ఆడవాళ్ళు ఊరుకుంటారా? రోజుకొకరు కోటకి పోయి, మహారాజా ఇలాంటి పీత మా పెరట్లో ఉందండీ అని ఒకరు, ఇలాంటి రొయ్య నిన్న మా కూరలో పడిందండీ అని ఇంకొకరు. రాజు చీ అనడం, కుండ బోర్లించడం. చీ అనడం, కుండ బోర్లించడం. గది ఖాళీ అయ్యాక ఇక వేట దేనికి? వేట పడవలన్నిటికీ తిరిగి రమ్మని కబురెళ్ళింది. రాజుగారు ఖాళీ గదిలో కూచుని, కొన్నాళ్ళకి ఏమీ తోచక, ఒడ్డుకొచ్చి అప్పన్న తాత దగ్గర వల కుట్టడం నేర్చుకున్నాడు. వంకరగా కుట్టేవాడట. తాత తిట్టేవాడట.

కానీ పడవలు రావడానికి ఇంకా రోజులు పడతాయి కదా. చుక్క వెళ్ళిపోయిన ఆ సాయంత్రం మసేనమ్మ ఇంటికొచ్చి, తలుపేసుకుని, గంజి కాచుకుని కూచుంది. ఎవరైనా పలికారా అని అడిగేవాళ్ళు లేరు. గంజి తాగబుద్ధి కాలేదు. గోడ అవతల పక్కింటావిడ గిన్నె కడుగుతున్న చప్పుడు. ఆవిడ మొగుడూ వేటకే పోయాడు. అటు పక్కింట్లోనూ అంతే. వీధి పొడుగునా తలుపు తలుపుకీ ఒక్కో మనిషి, కుండకొకరుగా, గంజి తాగుతూ.

మసేనమ్మ లేచి తలుపు తీసింది. గంజికుండ చేత్తో పట్టుకుని వీధి మధ్యలోకొచ్చి నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి కేకేసింది.

"నేనిక్కడున్నానొదినా! నువ్వెక్కడున్నావ్?"

 తరవాత ఒక తలుపు కిర్రుమంది. "ఏటొదినా, గంజేనా? నా దగ్గర ఎండుచేపలున్నాయి, తెస్తానుండు" అంటూ ఒకావిడ వచ్చింది. ఆ వెనకే ఇంకో తలుపు. ఆ వెనకే ఇంకోటి.

అదర్రా సంగతి. ఎవరైనా పిలుస్తారేమో అని కూచోకండి. ముందు మీరే పిలవండి.

కథేమో సముద్రంలోకి, మనమేమో నిద్రలోకి. కళ్ళు మూసుకోండి.