ముత్తేలు పేరంటాలు నడుంరాయి

పూర్వం, ఈ ఊరికి దారంటే ఇసకలో మన కాళ్లు ఏసుకున్న దారే గాని రోడ్డన్నది ఎరగని కాలంలో, ఒక రాజుగారి దివాను, ఒళ్లంతా మంటలు పుట్టే జబ్బుతో ఏ మందూ పనిసెయ్యక, సంద్రం గాలి తగిలితే తగ్గుతాదని ఎవరో సెప్తే పల్లకీ ఎక్కి ఇక్కడికొచ్చినాడు. పండక్కి పుస్తకం అచ్చేయిస్తాను, ఫోన్లో సెప్పు తాతా అని మేస్టారు అన్నారు గనక నాను, మైలపల్లి దండాసిని, మా తాత సెప్పినట్టే సెప్తున్నాను. తప్పుంటే ఆ ముత్తేలు తల్లే దిద్దుకుంటాది.

ఆ దివాను తాటాకు పాకేసుకుని నెల్లాళ్లు ఉన్నాడు. మా గెంజే తాగినాడు, మా సేపల పులుసే తిన్నాడు, పొద్దున్నే ఉప్పునీళ్లలో మునిగినాడు, ఒంట్లో మంట సల్లారిపోయినాది. ఒడ్డుకొచ్చినోడ్ని నువ్వెవరని అడగడం మాకు లేదు. మాకున్న కట్టు ఒక్కటే. పెద్దవలని ఊరంతా ఒడ్డున నిలబడి లాగుతాం కదా, కొత్తగా ఊళ్లోకొచ్చినోళ్లు, కోడలైనా అల్లుడైనా, ఆ తాడు సివర పట్టుకోవాల. పట్టుకున్నోళ్లు మావోళ్లయిపోతారు. దివానుని మాత్రం పట్టుకోమన్లేదు. పెద్దమనిషి, అరసేతులు కందిపోతాయనుకున్నారు.

ఒంట్లో బాగున్నాక ఆయనకి ఈ సోటు వదల్బుద్ధి కాలేదు. ఈ ఒడ్డు కొనుక్కుంటాను, మేడ కట్టుకుంటాను అన్నాడు. అప్పటికి ఊరిపెద్ద నీలయ్య, మా వంశంవోడే. ఆయన పాకలోంచి బయటికొచ్చి సెప్తే ఊరు ఊరంతా కడుపు పట్టుకుని నవ్వినారు. ఎందుకంటే మాకు ఇసక భూమి కాదు బాబూ. కార్తీకంలో సంద్రం తినేస్తాది, ఎండాకాలం మళ్లీ తెచ్చి పడేస్తాది, ఈ రోజు కాలు పెట్టిన ఇసక రేపు అక్కడుండదు. అలాంటిదాన్ని బంగారమిచ్చి కొంటానంటున్నాడు, జబ్బు ఒంట్లోంచి బుర్రకెక్కినాది గావాల, మన సొమ్మేటి పోతాది అనుకుని, నవ్వుకుంటానే నీలయ్య అమ్మకం తాటాకు మీద గీత గీసీసినాడు.

దివాను మనుషులొచ్చి తాటిమొద్దులు వరసగా పాతి దడి కట్టినారు, బల్లేలట్టుకుని కాపలా నిలబడినారు. కార్తీకం వచ్చినాది. సంద్రం తింటాదనుకున్న ఇసకని ఆ మొద్దులు పట్టుకుని కూకున్నాయి, కదల్లేదు. అప్పుడు తెలిసినాది ఊరికి. మా ఊరికి రెండుపక్కలా నీటికింద బండలే, మధ్యలో తెప్ప వచ్చేటంత సందు ఒక్కటే, అదే రేవు, దడి సరిగ్గా దానికెదురుగా ఉన్నాది.

ఆ కార్తీకంలోనే ఏడు తెప్పలు సేపలకి ఎల్లినాయి. గాలి తిరిగిపోయినాది, కెరటం తాటిసెట్టంత లేస్తున్నాది. తెప్పలు సందు దాకా వచ్చి, ఎదురుగా దడిని సూసి, ఒడ్డు ఎక్కలేక ఎనక్కి పోలేక తిరుగుతున్నాయి. ఆడోళ్లంతా ఒడ్డున నిలబడినారు. కళ్లెదురుగా మొగుళ్లు, మధ్యలో మనమే అమ్ముకున్న ఇసక.

నీలయ్య కోడలు ముత్తేలు అప్పటికి మూడు నెల్ల పెళ్లికూతురు. పైనున్న పొలాల ఊర్నించి వచ్చినాది, సంద్రం సంగతి తెలీదు, తాడు సివర పట్టుకుని ఇంకా అరసేతుల్లో పొక్కులు మానలేదు. ముందు తెప్ప మీద ఉన్నది ఆమె పెనిమిటే. మావగారి ముందు ఏనాడూ తలెత్తని పిల్ల అప్పుడు అడిగినాది.

"మావా, నువ్వమ్మింది ఇసకేనా?"

"ఇసకేనమ్మా. ఇసక తప్ప మరేటీ అమ్మలేదు."

"మరి మన రేవెక్కడున్నాది మావా?"

నీలయ్య తలపాగా తీసి ఇసకలో పెట్టినాడు.

ముత్తేలు పెద్దవల తాడు తెచ్చి ఒక కొస మొద్దుకి సుట్టి, నడుముకో మెలికేసుకుని, మిగతా తాడు ఎనక్కి ఇసిరి, లాగండే అన్నాది. ఆడోళ్లందరూ ఆమె ఎనక తాడట్టుకున్నారు. కాపలావోళ్లు బల్లేలెత్తినారు గాని, వల లాగినట్టు వరసలో నిలబడి లాగుతున్న ఆడోళ్లని సూసి దించేసినారు. ఒక్కొక్క మొద్దూ వచ్చేస్తున్నాది. నడిమిది మాత్రం రాలేదు. ముత్తేలు ముందుకెల్లి వంగి సేతుల్తో ఇసక తవ్వుతుంటే పెద్దకెరటం వచ్చినాది. మొద్దు లేచినాది, మొద్దుతోపాటు ఆమే లేచినాది. ఎనకున్నోళ్ల సేతుల్లో తాడు తెగిపోయినాది.

ఆ కాళీలోంచి ఏడు తెప్పలూ ఒడ్డెక్కినాయి. దిగిన మొగుడు ముత్తేలేదీ అని అడిగినాడు. ఆడోళ్లు తెగిన తాడు సూపించినారు. నీళ్లు ఎనక్కి తీసేసరికి, మొద్దున్న సోట నడుమెత్తు రాయి, దాని సుట్టూ తాడు ఒరుసుకున్న గాడి. అంతకు ముందు అక్కడ రాయన్నది ఎవరూ ఎరగరు. దివాను సూసినాడు, ఆ తాటాకు సింపి నీళ్లలో పడేసినాడు. మేడ కట్టలేదు, ఎల్లిపోనూ లేదు. మర్నాడు తాడు సివర నిలబడినాడు, సచ్చేదాకా ఇక్కడే సేప తిని బతికినాడు.

అప్పట్నించి ఇది ముత్తేలురేవు, ఆ రాయి నడుంరాయి, ఆమె మేం మొక్కే పేరంటాలు. ఎవరైనా రావొచ్చు, సూడొచ్చు, తాడిసెట్లకి ఎనక ఇల్లు కట్టుకుని ఉండొచ్చు. రాయికీ సంద్రానికీ మధ్య ఇసక మాత్రం ఎవరిదీ కాదు. కార్తీకంలో పండగ నాడు కొత్త తాడు తెచ్చి ఆ గాడిలో సుడతాం, సరిగ్గా కూకుంటాది.

మేస్టారూ, ఇక్కడితో ఆపీమని అన్నారు మీరు. ఆపలేను. ఇదీ అచ్చెయ్యండి.

రెండేళ్ల కిందట పట్నంవోళ్లు కార్లేసుకుని వచ్చినారు. మొదటిసారి సూడ్డానికొచ్చినారు, రెండోసారి నాల్రోజులుండడానికి, మూడోసారి కొనడానికి. ఊరిపెద్దని నానే. రాయిని ముట్టుకోం తాతా, సుట్టూ గట్టు కట్టి రంగులేయిస్తాం అన్నారు. రాయి ఉంటాది కదా, పోయేది ఇసకే కదా అనుకున్నాను. ఏలిముద్ర ఏసినాను. ఈ కథ నానే ఏటేటా సెప్తున్నాను, ఈ నోటితోనే. సెప్పినోడికే వినబడలేదు బాబూ, అదే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

రాయికి ఇవతల, రేవుకి అడ్డంగా గోడ కట్టినారు, ఇనప గేటెట్టినారు. మొన్న కార్తీకంలో, పట్టపగలు, నా తమ్ముడు ఎల్లాజీ ఫైబరు తెప్ప సందులోకొచ్చినాది. గోడకి కొట్టిన కెరటం ఎనక్కి తిరిగి తెప్పని తిరగేసినాది. ముగ్గురు ఈదుకొచ్చినారు. ఎల్లాజీ రాయి దాకా వచ్చినాడు, సేతులు గాడిలో ఏసినాడు, నాను సూస్తున్నాను, గేటుకి ఇవతల. తాళం మా దగ్గర లేదు. ఆ సేతులు జారిపోయినాయి.

పదకొండో రోజున మరదలు పారమ్మ, ఎల్లాజీ పెళ్లాం, పెద్దవల తాడు తెచ్చి గేటుకి కట్టినాది. ఊరంతా వచ్చినారు. నన్నేటీ అన్లేదు. "బావా, తాడట్టుకో" అన్నాది, అంతే.

ఊరిపెద్ద సోటు తాడుకి ముందు. నా కాళ్లు అటు ఎల్లలేదు. సివరకెల్లి నిలబడినాను, కొత్తోళ్లు నిలబడే సోట. గేటు వచ్చేసినాది. గోడలో ఆ కాళీ మీరొస్తే సూడొచ్చు, తెప్పలు ఇప్పుడు అందులోంచే వస్తన్నాయి. కాగితం మీద నా ఏలిముద్ర ఇంకా ఉన్నాది, దాన్ని కొట్టేయించడానికి ఊరి పెద్దలు ఆపీసుల సుట్టూ తిరుగుతున్నారు.

ఈ ఊరు బాగుందని, కొనుక్కోవాలని ఎవరైనా వస్తే, ముందు తాడు దగ్గరికి రండి. సివర ఒక ముసలోడు కనబడతాడు, పెద్దరికం దించుకున్నోడు. అతనికి ముందు నిలబడండి. సివరది అతని సోటు.